ఏ వారం పడింది?

డిసెంబరు ఆఖర్లో ఎవరో ఒకరు కొత్త క్యాలెండర్ తెచ్చి ఇస్తారు. కిరాణా కొట్టాయనో, ఎల్‌ఐసీ ఏజెంటో, బంగారం షాపువాళ్లో. పుచ్చుకున్నవాళ్లు చేసే పని మాత్రం ఏ ఇంట్లోనైనా ఒకటే. దేవుడి బొమ్మ మీద ఒక చూపు పడుతుంది, ఆ వెంటనే పేజీలు గబగబా తిరుగుతాయి, వేలు ఎర్ర అంకెల మీద ఆగుతూ ఆగుతూ పోతుంది. ‘సంక్రాంతి ఏ వారం పడింది?’ ‘ఆగస్టు పదిహేను ఏ వారం?’ తిథి ఎవరికీ అక్కర్లేదు, తేదీ కూడా తరవాతి సంగతే. శుక్రవారం అంటే మొహం విప్పారుతుంది. సోమవారమన్నా అంతే. మంగళవారమో గురువారమో అయితే ఒక క్షణం మౌనంగా లెక్క నడుస్తుంది, నడుమ ఒక్కరోజు సెలవు పెడితే కలిసిపోతుంది కదా అని. ఆదివారం అన్నామా, ‘అయ్యో, పోయింది’ అంటారు. ఆ ‘పోయింది’ కొన్నాళ్లుగా నా బుర్రలో తిరుగుతోంది. ఏమిటి పోయింది? పండగ ఎక్కడికీ పోలేదు. ఆదివారమూ ఉంది. మామిడాకులు కట్టేదే, పులిహోర కలిపేదే, మధ్యాహ్నం భుక్తాయాసంతో పడుకునేదే. అన్నీ ఉండి ఏదో పోయిందనిపించడం ఎలాంటి బాధ? నాకు రాదని చెప్పను. అందరికంటే ముందు నిట్టూర్చేది నేనే.

ఈ నిట్టూర్పు తెలిసినవాళ్లకు 2025 బాగా గుర్తుండాలి. ఉగాది మార్చి 30, ఆదివారం. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 6న శ్రీరామనవమి, మళ్లీ ఆదివారం. మామూలుగా పాడ్యమికీ నవమికీ మధ్య ఎనిమిది రోజుల ఎడం ఉండాలి. ఆ ఏడు ఒక తిథి కుదించుకుపోయి రెండూ ఆదివారానికే చేరాయి. చంద్రుడు కూడా యాజమాన్యం పక్షమేనని ఆఫీసులో ఒకాయన తేల్చేశాడు. జులై 6న మొహర్రం, అదీ ఆదివారమే. ఇవి చాలవన్నట్టు అక్టోబరు 2న దసరా, గాంధీ జయంతి రెండూ ఒకే రోజు దిగాయి. తెలంగాణలో దసరా అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ కష్టం విడమర్చి చెప్పక్కర్లేదు. పాలపిట్టను చూసి, జమ్మి పంచుకుని, ఇంటికొచ్చాక మటన్ కూర, దాని పక్కన సీసా. గాంధీగారి పుట్టినరోజున ఆ రెండు దుకాణాలూ మూతే. ఒకటో తారీఖు సాయంత్రం మాంసం కొట్ల ముందు, వైన్ షాపుల ముందు కట్టిన వరసలు చూస్తే, ఈ దేశంలో ముందుచూపు లేదన్నవాడు మాట వెనక్కి తీసుకుంటాడు. ఆ తిప్పలైతే ఒక పూటతో తీరిపోయాయి. తరవాత చాలా రోజులు మిగిలిన ఫిర్యాదు వేరు, రెండు సెలవులు రావాల్సింది ఒక్కటే వచ్చిందని. గాంధీగారికీ వారంలో ఒక రోజు ప్రత్యేకంగా ఉండేది. సోమవారం ఆయన మౌనం. నోటికి విశ్రాంతి గానీ చేతికి లేదు, చెప్పాల్సింది చీటీల మీద రాసి ఇచ్చేవారు. సోమవారాన్ని ఆయన వాడుకున్న తీరుకీ మనం వాడుకోవాలని చూసే తీరుకీ ఉన్న దూరం చూస్తే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది.

కలపడం ఒక విద్య. దానికి శాస్త్రం ఉంది, పరిభాష ఉంది, పండితులున్నారు. ప్రతి ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు, సెలవుల జీవో వచ్చిన పూటే ఏడాది మొత్తానికి ఎక్కడెక్కడ అతుకు పడుతుందో చెప్పేస్తాడు. సర్కారు కొలువులో ఏడాదికి 15 సీఎల్‌లు. ఆప్షనల్ హాలిడేల జాబితా ఎంత పొడుగున్నా వాడుకోగలిగేవి అయిదు. సీఎల్‌ని ఆదివారాలతో, పండగలతో కలిపి పెట్టుకోవచ్చు గానీ మొత్తం గైర్హాజరు పది రోజులు దాటకూడదని రూలు. ఆ పది అన్న అంకె చూసినప్పుడల్లా దాన్ని రాసినాయన మీద నాకు గౌరవం కలుగుతుంది. మన సంగతి ఆయనకు బాగా తెలుసు. సెలవుకు ముందు ఉన్న ఆదివారం ప్రిఫిక్స్, వెనకున్నది సఫిక్స్, ఈ రెండు మాటలు తెలియకుండా ఏ టీచరూ రిటైరు కాలేదు. ప్రైవేటు కంపెనీల్లో దీనికి విరుగుడు కనిపెట్టారు. శుక్రవారం, సోమవారం సెలవు పెడితే నడుమ శని, ఆదివారాలు కూడా సెలవు ఖాతాలోనే రాసుకుంటారు. శాండ్‌విచ్ లీవ్ అని దానికి పేరు. ఎత్తుకు పైఎత్తు. ఈ పోరులో మనల్ని ఎన్నడూ నిరాశపరచనివి రెండే, గుడ్ ఫ్రైడే, వరలక్ష్మీ వ్రతం. ఏసుప్రభువూ అమ్మవారూ ఇద్దరూ శుక్రవారాన్నే పట్టుకుని ఉండటం వల్ల ఎంతమంది ఊళ్లకు వెళ్లొచ్చారో. 2024లో ఆగస్టు 15 గురువారం పడి, మర్నాడు వరలక్ష్మీ వ్రతమై, శని ఆదివారాలు దాటగానే సోమవారం రాఖీ అయినప్పుడు, ఆ అయిదు రోజుల వరసను నలుగురూ ఒకరికొకరు చూపించుకుని మురిసిన తీరు చూడాల్సింది.

ఇదంతా సోమరితనమేనా? తేలికగా అనేయొచ్చు, అంటూనే ఉంటారు. మన దేశంలో సెలవులెక్కువ, మనవాళ్లకు పని మీద ధ్యాస తక్కువ అన్న ఉపన్యాసం ఏటా ఎవరో ఒకరు ఇస్తారు, తరచుగా సెలవు రోజునే. నాకు ఆ మాట మింగుడుపడదు. సెలవుల మీద మోజు కొత్తదేమీ కాదు, కలిపే యావ మాత్రం కొత్తది. మా చిన్నప్పుడు ఊళ్లో ఒక్కో పనికి ఒక్కో సెలవుండేది. మంగళవారం క్షురకర్మ లేదు, ఆ సంప్రదాయం ఇవాళ ఏసీ సెలూన్లు కూడా కొంత పాటిస్తున్నాయి. అమావాస్యనాడు మగ్గం ఆడేది కాదు. వేదం చెప్పుకునేవాళ్లకు పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయనం, ఆ రోజుల్లో పాఠం చెప్పకూడదు, చదవకూడదు. సుందరకాండలో హనుమంతుడు లంకనుంచి తిరిగొచ్చి, సీతమ్మ ఎంత చిక్కిపోయిందో చెప్పడానికి పాడ్యమినాడు చదివేవాడి చదువును పోలికగా తెస్తాడు. సెలవు రోజు చదివితే ఉన్న విద్యే కరిగిపోతుందన్నమాట. ఇంత గట్టి సమర్థన ఏ యూనియను నాయకుడికీ దొరకలేదు. పైగా అష్టమి, చతుర్దశి తెచ్చి ఆదివారానికి అతికించాలని ఎవరికీ తట్టలేదు. తట్టాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు మగ్గం దిగినవాడు అరుగు మీదే ఉన్నాడు. పాఠం లేని పిల్లాడు చెరువు దగ్గరే ఉన్నాడు. సెలవు ఇంటికే వచ్చింది.

సంక్రాంతి ఒక్కటి ఆ రోజుల్లోనూ కలిపిన సెలవే. భోగి, సంక్రాంతి, కనుమ, మాంసం తినేవాళ్లకు ముక్కనుమ కూడా. ఇంకెవరూ కలపక్కర్లేకుండా పంట ఇంటికొచ్చిన కాలమే వాటిని ఒక్కచోట పేర్చిపెట్టింది. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకూడదని మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి అడ్డుకునేది. పశువులకు పూజ, మినప గారె, కోడి కూర, ఆ పైన ఎవడు ఎక్కడికెళ్లాలన్నా రేపే. ఆమె పట్టుదల వెనక శకునాల భయం కంటే పెద్ద తెలివి ఉందేమోనని ఇప్పుడనిపిస్తుంది. పండగలో చివరి రోజుని ప్రయాణం తినేయకుండా కాపాడటం. ఈ రోజుల్లో కనుమ సాయంత్రానికే పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు హైదరాబాదు వైపు ముక్కులు పెట్టుకుని నిలబడతాయి. కాకి సంగతేమో గానీ, మనుషులంతా ఒక్కసారే కదిలేది ఆ రోజునే.

ఆదివారం మాత్రం మనకు ఊరకే రాలేదు. బొంబాయి మిల్లుల్లో వారానికొక రోజు విశ్రాంతి కావాలని ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆదివారమే ఎందుకంటే అది ఖండోబా దేవుడి వారమని కూడా ఆయన వాదించాడంటారు. ఆ మిల్లుల్లో మన పద్మశాలీలు ఎందరో పనిచేశారు, మరి ఖండోబా మనకు మల్లన్న. కొమురవెల్లి మల్లన్న జాతర ఇవాళ్టికీ ఆదివారాల్లోనే, సంక్రాంతి తరవాత మొదలై ఉగాది దాకా. మొదటి ఆదివారం పట్నం వారం, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లది. ఆ తరవాతిది లష్కర్ వారం, సికింద్రాబాదువాళ్లది. ఊరికి దూరమైనవాళ్లకు ఒక ఆదివారాన్ని పేరుపెట్టి కేటాయించిన ఆ ఏర్పాటు నాకెంతో నచ్చుతుంది. హైదరాబాదులో శుక్రవారం కూడా తన హక్కు పూర్తిగా వదులుకోలేదు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ ఇప్పటికీ శుక్రవారమే మూస్తారు. ఆదివారం మనం చూడ్డానికి వెళ్తే తలుపు తీసే ఉంటుంది. ఒకరి విశ్రాంతి ఇంకొకరి విహారానికి అడ్డం రాని పాత పద్ధతి.

అయితే ‘పోయింది’ అన్న మాట దగ్గరికి వద్దాం. నాకు తోచిన జవాబు ఇది. ఒక్కరోజు సెలవు, పని చేసే చోటే ఇల్లున్నవాడికి సెలవు. మిగతావాళ్లకు అది ఆఫీసు మూసి ఉన్న రోజు, అంతే. హైదరాబాదులో ఉద్యోగం, అమలాపురం పక్కన అమ్మ, మధ్యలో ఒక రాత్రి ప్రయాణం. బుధవారం పండగొస్తే మంగళవారం రాత్రి ఎక్కి, బుధవారం రాత్రి మళ్లీ ఎక్కాలి. అమ్మ ఇంట్లో గడిపేది ఒక పగలు, అందులో సగం నిద్ర. అందుకే మనం పండగను అడగం, దాని రెండు పక్కలా ఏమున్నాయో అడుగుతాం. ఈ లెక్క ప్రభుత్వానికీ తెలుసు. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి అమరావతికి తరలినప్పుడు, కుటుంబాలు అక్కడ, కొలువు ఇక్కడ అయిన ఉద్యోగులకు వారానికి అయిదే పనిదినాలు ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం విజయవాడ ప్లాట్‌ఫారం మీద భుజాన సంచీలతో నిలబడినవాళ్లను చూసి ఎవరూ సోమరులనలేదు. రైల్వే వాళ్లకూ తెలుసు. ఒకప్పుడు సంక్రాంతి బెర్తు కోసం 120 రోజుల ముందు, వినాయకచవితి సందడిలోనే కూర్చోవాల్సి వచ్చేది. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు. పొద్దున్న ఎనిమిదికి బుకింగు తెరిచిన కాసేపటికే గౌతమిలో వెయిటింగ్ లిస్టు, ఆ పైన ‘రిగ్రెట్’. ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్లు ఛార్జీ తీసుకోవచ్చని ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే జీవో ఉంది. పండగలన్నీ ఉన్నచోటే ఉన్న మనుషుల కోసం పుట్టాయి, మనమేమో వాటికి ఒక రాత్రి దూరంలో బతుకుతున్నాం. ఆదివారం మీద పడిన పండగతో పోయింది విశ్రాంతి కాదు, ఆ దూరం దాటే వీలు.

ఇంకా దూరం వెళ్లినవాళ్లది తలకిందుల లెక్క. అమెరికాలో మనవాళ్లు ఉగాది, సంక్రాంతి ఎప్పుడొచ్చినా దగ్గర్లోని శనివారానికి తెచ్చుకుంటారు. ఏదో హైస్కూలు హాలు అద్దెకు తీసుకుని, అందులో ముగ్గుల పోటీ, పిల్లల నాట్యాలు, స్టీలు ట్రేల్లో గుత్తివంకాయ. అక్కడ వాళ్లు పండగను వారాంతానికి లాక్కుంటారు, ఇక్కడ మనం వారాంతాన్ని పండగ దాకా సాగదీస్తాం. ఆ దేశం సొంత సెలవులనే వదల్లేదు. 1968లో చట్టం చేసి, 1971 నుంచి కొన్నింటిని సోమవారాలకు జరిపింది. వాషింగ్టన్ పుట్టింది ఫిబ్రవరి 22న. దాన్ని మూడో సోమవారానికి మార్చారు. మూడో సోమవారం ఎప్పుడూ 15కీ 21కీ మధ్యే వస్తుంది కాబట్టి, ఆయన పుట్టినరోజు ఇక ఎన్నటికీ ఆయన పుట్టినరోజున రాదు. జపాను కూడా 2000 నుంచి అదే దారి పట్టింది. మన దగ్గర అలా కుదురుతుందా? చవితిని సోమవారానికి జరిపితే అది చవితి కాకుండా పోతుంది. రంజాన్ సంగతి నెలవంక తేల్చేదాకా క్యాలెండర్ అచ్చువేసినవాడే చెప్పలేడు. మనకు దొరికే మూడు రోజులు చట్టమిచ్చినవి కావు, చంద్రుడూ వారమూ అనుకోకుండా కలుసుకుంటే వచ్చినవి. అందుకేనేమో ఆ సంబరంలో లాటరీ తగిలిన తడి ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చి నా జవాబు మీద నాకే అనుమానం. ఊరికి వెళ్లడం కోసమే అయితే, ఊళ్లో ఎవరూ మిగలనివాళ్లు ఎందుకు లెక్కపెడుతున్నారు? ఇల్లు అమ్మేసినవాళ్లు, హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాళ్లు, వాళ్లూ అదే ఆత్రంతో వేలు ఎర్ర అంకెల మీద పెడుతున్నారు కదా. వాళ్లు అరకు వెళ్తారు. చలికాలంలో తెల్లవారకముందే వంజంగి కొండెక్కి మేఘాల కోసం నిలబడతారు. ఆగస్టులో శ్రీశైలం గేట్లెత్తారని తెలిస్తే కార్లు ఘాట్ రోడ్డు మీద గంటల తరబడి ఆగిపోతాయి. తిరుమలలో కంపార్ట్‌మెంట్లు నిండి, క్యూ శిలాతోరణం దాకా పాకుతుంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పేదంతా రద్దీ గురించే, అయినా మళ్లీ వెళ్తారు. చూస్తూ చూస్తూ నాకొకటి అనిపించింది. వీళ్ల కాళ్లకు ఊరెళ్లే అలవాటు మిగిలిపోయింది, ఊరు మిగల్లేదు. సంచీ సర్దడం, పులిహోర పొట్లం, తెల్లవారుజామున బయల్దేరడం, దారిలో టీ, అన్నీ అవే. చేరాక ‘ఎప్పుడొచ్చావురా, ఎన్నాళ్లుంటావు?’ అని అడిగే మనిషే లేడు. అందుకే ఫొటోలు అన్నేసి తీసి పంపుతారేమో, ఎవరో ఒకరు అడగాలని. మరీ ఎక్కువ ఊహిస్తున్నానా? కావచ్చు. మేఘాలు చూడాలని వెళ్లినవాడు మేఘాల కోసమే వెళ్లి ఉండొచ్చు.

ఈ సంబరానికి బయట ఉన్నవాళ్లు మరికొందరు. లేబర్ అడ్డాలో పొద్దున్నే గోనెసంచీ, తాపీ పట్టుకుని నిలబడే మేస్త్రీకి నాలుగు రోజులు పని ఆగితే అవి నాలుగు కూలీలు లేని రోజులు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేప గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. అంత పొడుగు సెలవును కాకినాడ రేవులో ఎవరూ వేళ్లమీద లెక్కపెట్టి మురవరు. టోల్ బూత్‌లో కూర్చునే కుర్రాడు, స్పెషల్ బస్సు నడిపే డ్రైవరు, ఊరి ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడిన వదిన, వీళ్లందరి పని పెరిగితేనే మన మూడు రోజులు మూడు రోజులవుతాయి. బ్యాంకు సెలవులు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ప్రకటిస్తారు. ప్రామిసరీ నోటు గడువు తీరే రోజు సెలవైతే, ఆ అప్పు అంతకు ముందరి పనిరోజునే తీర్చాలంటుంది ఆ చట్టం. సెలవుకి సంబంధించి ఇంత నిజమైన వాక్యం నేనెక్కడా చదవలేదు. మూడు రోజుల ముందరి గురువారం రాత్రి ఆఫీసు లైట్లు ఎంతసేపు వెలుగుతాయో చూసినవాళ్లు ఒప్పుకుంటారు.

బడిరోజుల్లో ఎవరూ ముందుగా లెక్కపెట్టని సెలవులు కొన్ని వచ్చేవి. రెండో పీరియడు నడుస్తుండగా వేళకాని వేళ గంట మోగేది. ఎవరో పెద్దమనిషి పోయారని హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి చెప్పేవారు, రెండు నిమిషాల మౌనం, ఆ మౌనంలో లోపలినుంచి తన్నుకొచ్చే ఆనందాన్ని పళ్ల బిగువున ఆపుకోవడం. గేటు దాటాక ఆ ఎండ, ఆ ఖాళీ రోడ్డు వేరేగా ఉండేవి. ఇంట్లో వంట కాలేదు, ఎవరూ మన కోసం చూడటం లేదు, ఎక్కడికీ వెళ్లాలన్న ఏర్పాటు లేదు. ఎవరి ఖాతాలోనూ లేని రోజు ఒకటి చేతికొచ్చింది. తుపాను వస్తే కలెక్టరు ప్రకటించే సెలవుల్లో ఆ రుచి ఇప్పటికీ కొంత ఉంది, పిల్లలకు. మనం ఆరు నెలల ముందే కనిపెట్టి, టికెట్టు కొని, గది బుక్ చేసి, వాట్సాప్ గ్రూపు పెట్టి నింపేసిన మూడు రోజుల్లో ఆ రుచి ఉండదు. అవి వచ్చేసరికే ఖర్చయిపోయి ఉంటాయి.

అందుకే ఈ మధ్య నాకు బుధవారాల మీద ప్రేమ పుట్టింది. బుధవారం పడిన సెలవును ఎటు వైపు కలపాలన్నా రెండు సీఎల్‌లు పోవాలి, ఆఫీసు పండితుడు కూడా దాన్ని చూసి పెదవి విరిచి పేజీ తిప్పేస్తాడు. ఊరెళ్లడానికి చాలదు, అరకుకి చాలదు, తిరుమలకు అసలే చాలదు. ఉన్నచోటే ఉండక తప్పదు. నిద్ర లేచి పేపరు మొదటినుంచి చివరిదాకా చదవచ్చు. రెండు వీధులవతల ఉండి ఏళ్లుగా పలకరించని బాబాయి గారింటికి నడిచి వెళ్లొచ్చు. ఆయన ‘ఏరా, ఇవాళ ఆఫీసు లేదా?’ అని అడిగితే లేదని చెప్పి ఊరికే కూర్చోవచ్చు. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి కాపాడిన కనుమకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఇప్పటి క్యాలెండర్‌లో నాకు కనబడలేదు. కదలడానికి వీల్లేని రోజు అది. అలాగని దూరంలో ఉన్న అమ్మను ఈ తత్వంతో సరిపెట్టుకోమనలేను, ఆమెకు కావాల్సింది శుక్రవారం పండగే. కాబట్టి నా కోరిక రెండు వైపులా ఉంది. పండగలు శుక్ర, సోమవారాలకే రావాలి, వాటి మధ్య ఎవరికీ అక్కర్లేని బుధవారం కూడా ఏడాదికి ఒకటో రెండో ఉండాలి. మొదటివి అమ్మకు. రెండోవి ఎవరికీ చెప్పను, చెబితే వాటికీ ఎవరో ఒకరు రెండు సీఎల్‌లు అతికించేస్తారు.